మాట చేరవేసే వృత్తి - మన పిల్లలు, మన సంఘం

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో పిల్లల భవిష్యత్తు గురించి ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు. డాక్టరు కావాలంటే ఏం చదవాలి, ఇంజనీరు కావాలంటే ఏ పరీక్ష రాయాలి, గల్ఫ్ వెళ్ళాలంటే ఏ పని నేర్చుకోవాలి - ఇవన్నీ విన్నాము. మంచిదే. కానీ ఈసారి కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు, మన ఇళ్ళలో ఇంతవరకు ఎవరూ పేరెత్తని ఒక వృత్తి గురించి చెబుదామనుకున్నాను. దాన్ని స్ట్రాటజిక్ కమ్యూనికేషన్స్ కన్సల్టింగ్ అంటారు. పేరు పొడుగ్గా ఉంది, భయపడకండి. పని మాత్రం మనకు బాగా తెలిసినదే. తెలుగులో చెప్పాలంటే, ఎవరి మాట ఎవరికి, ఏ భాషలో, ఎవరి నోట, ఎప్పుడు చేరాలో ఆలోచించి సలహా చెప్పే పని.

కోర్టులో మన తరఫున మాట్లాడడానికి వకీలు ఉంటాడు. మరి కోర్టు బయట? ఒక ఆసుపత్రి మీద పుకారు పుట్టింది. ఒక కంపెనీలో ప్రమాదం జరిగింది. ప్రభుత్వం ఒక పథకం పెట్టింది, దాని సంగతి అసలు అందవలసిన వాళ్ళకే అందలేదు. ఒక మొహల్లాకు మంచినీళ్ళు రావడం లేదు, ఆ బాధ అధికారికి అర్థమయ్యేలా చెప్పేవాళ్ళు లేరు. ఇలాంటి చోట్ల పనికి వచ్చేవాడే ఈ సలహాదారు. ఇతను ముందు వినేవాళ్ళ దగ్గరికి వెళ్ళి వాళ్ళకు ఏం తెలుసు, ఏం తెలియదు, ఏమంటే భయం, ఎవరంటే నమ్మకం అని కనుక్కుంటాడు. తరువాత చెప్పవలసిన సంగతిని నాలుగు ముక్కల్లోకి తెస్తాడు. ఆ తరువాత అది చేరిందా లేదా అని మళ్ళీ వెళ్ళి చూస్తాడు. ఈ మూడో పనిని చాలామంది వదిలేస్తారు. మైకులో చెప్పేశాం కదా, కరపత్రం పంచేశాం కదా అని ఊరుకుంటారు.

ఈ వృత్తి ఎలా పుట్టిందో పిల్లలకు కొంచెం చెప్పాలి. అమెరికాలో 1906 అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ అనే ఊరి దగ్గర ఒక రైలు వంతెన మీది నుంచి నీళ్ళలో పడి 50 మందికి పైగా చనిపోయారు. అప్పటివరకు రైల్వే కంపెనీలకు ఉన్న అలవాటు ఏమిటంటే, ప్రమాదం జరగగానే పత్రికల వాళ్ళను దగ్గరకు రానివ్వకపోవడం, సంగతి దాచిపెట్టడం. ఆ కంపెనీకి సలహాదారుగా ఉన్న ఐవీ లీ అనే ఆయన దానికి ఎదురు దారి పట్టాడు. కంపెనీ తరఫున జరిగిన సంగతి రాసి పత్రికలకు ఇచ్చాడు, విలేకరులను ప్రమాద స్థలానికి రప్పించి చూడనిచ్చాడు. నిజాన్ని ముందే మనం చెబితే జనం నమ్ముతారు, దాచితే పుకారు నమ్ముతారు అన్న సూత్రం మీద ఈ వృత్తి నిలబడింది.

మన దేశంలో టాటా వారు 1943లో బొంబాయిలో ప్రజాసంబంధాల విభాగం పెట్టారు. 1958లో పబ్లిక్ రిలేషన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఏర్పడింది. నేడు కార్పొరేట్ ఆసుపత్రి అయినా, ప్రభుత్వ శాఖ అయినా, స్వచ్ఛంద సంస్థ అయినా ఈ పని తెలిసిన మనిషి లేకుండా నడవడం కష్టం.

అయితే కత్తి కూరగాయా కోస్తుంది, వేలూ కోస్తుంది. ఈ విద్యకు రెండో ముఖం కూడా ఉందని పిల్లలు తెలుసుకోవాలి. 1929లో ఈస్టరు పండుగనాడు న్యూయార్కు వీధుల్లో కొందరు ఆడవాళ్ళు అందరి ముందూ సిగరెట్లు వెలిగించారు. అది స్త్రీ స్వేచ్ఛకు గుర్తు అని పత్రికల్లో వచ్చింది. వెనకాల ఆ ఏర్పాటంతా చేసినవాడు ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచార నిపుణుడు. అతనికి డబ్బిచ్చింది పొగాకు కంపెనీ. ఇందాక చెప్పిన ఐవీ లీ సంగతి చూడండి. అంత మంచి పద్ధతి నేర్పిన మనిషి, హిట్లరు కాలంలో జర్మనీకి చెందిన ఐ.జి. ఫార్బెన్ కంపెనీకి సలహాదారుగా ఉన్నందుకు 1934లో అమెరికా పార్లమెంటు కమిటీ ముందు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. కాబట్టి ఎవరి తరఫున మాట్లాడుతున్నాం అన్నది మొదటి ప్రశ్న. మాట అమానత్ లాంటిది. ఒకరు మన చేతిలో పెట్టిన దాన్ని చెడిపోకుండా చేర్చాలి.

ఇప్పుడు మన పెద్దల సంగతికి వస్తాను. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అనగానే అలీగఢ్ కళాశాల గుర్తుకు వస్తుంది. 1875లో పెట్టిన కళాశాల అది. కానీ అంతకుముందు ఆయన చేసిన పని ఒకటి ఉంది. 1857 తిరుగుబాటు అణిచివేసిన తరువాత ఇంగ్లీషు వాళ్ళ కోపమంతా ముఖ్యంగా ముస్లింల మీద పడింది. అప్పుడు సర్ సయ్యద్ మొరాదాబాదులో న్యాయాధికారిగా ఉద్యోగం చేస్తూ, తిరుగుబాటుకు అసలు కారణాలేమిటో ఉర్దూలో ఒక పుస్తకం రాశారు. తప్పు ప్రభుత్వంలో కూడా ఉందని, పాలితుల మాట పాలకులకు చేరే దారి లేకపోవడమే పెద్ద కారణమని అందులో చెప్పారు. మిత్రులు భయపడి వద్దన్నారు. ఆ రోజుల్లో అలాంటి రాతకు ఏ శిక్ష పడుతుందో చెప్పలేము.

ఆయన ఏం చేశారంటే, 1859లో 500 ప్రతులు అచ్చు వేయించారు. బజారులో అమ్మలేదు. దాదాపు అన్నీ ఇంగ్లండుకు పంపించారు. ఒక ప్రతి ఇక్కడి ప్రభుత్వానికి ఇచ్చారు. ఎందుకని? ఆ పుస్తకం చదవవలసినవాడు మొరాదాబాదు బజారులో లేడు. లండనులో పార్లమెంటులో ఉన్నాడు. బజారులో పంచితే చప్పట్లు వచ్చేవి, దాంతోపాటు జైలు కూడా వచ్చేదేమో. తరువాత 1870లో మన వాళ్ళను సంస్కరించడానికి తహ్‌జీబుల్ అఖ్లాఖ్ పత్రిక పెట్టినప్పుడు మాత్రం అది మన ఇళ్ళలోకి, మన ఉర్దూలో వచ్చింది. పాలకులకు చెప్పవలసింది పాలకులకు, మన వాళ్ళకు చెప్పవలసింది మన వాళ్ళకు. నేడు లక్షల జీతం తీసుకునే సలహాదారు నేర్పేది ఇదే కదండీ!

అదే మొరాదాబాదు పేరు నూటయాభై ఏళ్ళ తరువాత మళ్ళీ వినిపించింది, ఈసారి పోలియో వల్ల. ఈ కథ పిల్లలు శ్రద్ధగా వినాలి.

2002లో మన దేశంలో 1,600 మంది పిల్లలకు పోలియో వచ్చింది. అందులో ఎక్కువ భాగం ఉత్తరప్రదేశ్ లోనే. మొరాదాబాదు, ఆ చుట్టుపక్కల పశ్చిమ జిల్లాలు ఈ జబ్బుకు పుట్టిల్లయ్యాయి. జబ్బు వచ్చిన వాళ్ళలో ముస్లిం పిల్లల వంతు, జనాభాలో మన వంతు కంటే చాలా ఎక్కువ. మందు లేకనా? మందు ఉంది, ఉచితంగా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. తలుపు తెరుచుకోలేదు. ఈ చుక్కలు వేస్తే పిల్లలు పెద్దయ్యాక సంతానం కలగదని, ఇది మన సంఖ్య తగ్గించే కుట్ర అని పుకారు. ఆ పుకారు గాలిలోంచి పుట్టలేదు. ఎమర్జెన్సీలో, అంటే 1975 నుంచి 1977 వరకు, బలవంతపు ఆపరేషన్లు చూసిన జనం వాళ్ళు. అదీ కాక, "మా గల్లీలో మురుగు కాలువ లేదు, మా ఊళ్ళో డాక్టరు లేడు, జ్వరం వస్తే పలకరించే దిక్కు లేదు, ఈ రెండు చుక్కల కోసం మాత్రం నెలనెలా వస్తారేం?" అని ఆ తల్లులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

టీవీలో పెద్ద సినిమా నటుడు చెప్పాడు. పోస్టర్లు అంటించారు. చాలామంది విన్నారు, కానీ ఆ మూసిన తలుపులు అలాగే ఉన్నాయి. అప్పుడు యునిసెఫ్, ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి పద్ధతి మార్చుకున్నాయి. ఎక్కడినుంచో వచ్చిన మనిషిని పంపకుండా అదే మొహల్లా ఆడవాళ్ళను తీసుకుని శిక్షణ ఇచ్చారు. ఇలాంటి వాళ్ళు వేలాది మంది పనిచేశారు. ఒక్కొక్కరికి కొన్ని వందల ఇళ్ళు. ఏ ఇంట్లో ఎందరు పిల్లలు, ఎవరు కొత్తగా పుట్టారు, ఎవరు పుట్టింటికి వెళ్ళారు, అన్నీ వాళ్ళ పుస్తకంలో రాసి ఉండేవి. పిల్లలందరికీ చుక్కలు పడిన ఇంటి గోడ మీద పి అక్షరం, మిగిలిన ఇంటి గోడ మీద ఎక్స్ గుర్తు. ఆ ఎక్స్ ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళేవారు. ఒట్టి చేతులతో కాకుండా ఇమామ్ సాహెబ్‌నో, హకీమ్ సాహెబ్‌నో, ఆ ఇంటివాళ్ళు నమ్మే పెద్దమనిషినో వెంటబెట్టుకుని వెళ్ళేవారు. మసీదు మైకులో ప్రకటన చేయించారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ వారు ఈ పనిలో చేయి కలిపారు. చిన్న పిల్లలే జట్లుగా గల్లీల్లో తిరిగి తోటి పిల్లలను పిలుచుకొచ్చేవారు. తల్లులు అడిగిన ప్రశ్నకు జవాబుగా చేతులు కడుక్కోవడం, విరేచనాలకు మందు, తల్లిపాలు, ఇతర టీకాలు, ఇవన్నీ కూడా ఆ మాటల్లో చేరాయి.

ఫలితం వెంటనే రాలేదు. 2009లో కూడా దేశంలో 741 కేసులు. 2010లో 42. చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో ఒక చిన్న పాపది. 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. మందులో కూడా మెరుగైన రకం 2010లో వచ్చింది, అది చెప్పకపోతే అన్యాయం. కానీ ఎంత మంచి మందైనా పిల్లవాడి నోట్లో పడితేనే కదా పనిచేసేది! ఆ తలుపు తెరిపించింది, ఆ గల్లీలోనే ఉండే నజ్మానో, షబానానో అనుకోండి, అలాంటి సామాన్య స్త్రీలు. పెద్ద చదువులు లేనివాళ్ళు. వాళ్ళకు ఆ ఇంటి భాష తెలుసు, ఆ ఇంటి భయం తెలుసు. ప్రపంచమంతా ఇప్పుడు ఆ పద్ధతిని పాఠంగా చదువుకుంటున్నది.

నాయకత్వం అంటే వేదిక, పూలదండ, పత్రికలో ఫోటో అని మనకు అలవాటైపోయింది. ఈ కథలో నాయకత్వం చేసింది ఎవరో మీరే చెప్పండి. ఎక్స్ గుర్తు ఉన్న ఇంటికి నాలుగోసారి వెళ్ళిన ఆ అమ్మాయి కదా! తిట్టించుకుని కూడా కోపం తెచ్చుకోకుండా, వాళ్ళు అడిగిన ప్రశ్నను పైవాళ్ళకు చేరవేసింది. పైవాళ్ళ మాట కిందికి తేవడం సగం పని. కింది మాట పైకి తీసుకెళ్ళడం మిగతా సగం. రెండూ చేసినవాళ్ళే ఈ వృత్తికీ, సంఘానికీ పనికి వస్తారు.

ఇప్పుడు మా బడి పిల్లల సంగతి. నేను ఉర్దూ మీడియం మాస్టరును. తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి, "మాస్టర్ సాబ్, ఉర్దూలో చదివితే మా వాడికి ఏం పని దొరుకుతుంది?" అని అడుగుతుంటారు. వాళ్ళ బెంగ నాకు తెలుసు. దాన్ని తేలిక చేయను. కానీ మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయిని చూడండి. ఇంట్లో ఉర్దూ. వీధిలో తెలుగు. టీవీలో హిందీ. పుస్తకంలో ఇంగ్లీషు. బ్యాంకు నుంచి వచ్చిన తెలుగు కాగితాన్ని సాయంత్రం వాళ్ళ నానీకి ఉర్దూలో విప్పి చెబుతుంది. నానీ చెప్పింది మర్నాడు బ్యాంకులో తెలుగులో చెబుతుంది. ఇంత చిన్న వయసులో రెండు లోకాల మధ్య మాట మోస్తున్న పిల్ల అది. ఈ వృత్తికి కావలసిన సగం విద్య ఆ పిల్లకు ఇంట్లోనే వచ్చింది. ఏ కాలేజీలోనూ డబ్బు కట్టి కొనలేని సగం. మిగతా సగం మాత్రం కష్టపడి నేర్చుకోవాలి: తప్పులు లేని తెలుగు రాత, ధైర్యంగా ఇంగ్లీషు, అంకెలు చదవడం, పది మంది ముందు నిలబడి మాట్లాడడం.

దారి ఎక్కడుందని అడుగుతారు. డిగ్రీ ఏదైనా చదవండి. తరువాత జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్, ప్రజాసంబంధాల కోర్సులు ఉన్నాయి. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచి ఉంది. హైదరాబాదులోనే 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో మాస్ కమ్యూనికేషన్ శాఖ ఉంది, ఉర్దూ మీడియం పిల్లలకు అది సొంత ఇల్లు. ఢిల్లీలో 1965లో పెట్టిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ ఉంది, జామియాలో 1982 నుంచి మాస్ కమ్యూనికేషన్ కేంద్రం ఉంది. చదువు అయిపోగానే ఎవరూ సలహాదారు అయిపోరు. మొదట విలేకరిగానో, అనువాదకుడిగానో, ఏదో సంస్థలో ఊళ్ళు తిరిగే కార్యకర్తగానో కొన్నేళ్ళు పనిచేయాలి. మొదట్లో జీతం తక్కువే. ఆ మాట దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. పదేళ్ళు నిజాయితీగా పనిచేసినవాడి మాటకు మాత్రం విలువ వస్తుంది.

పిల్లలకు చెప్పాను, ఇక పెద్దలకు నా మనవి మూడు ముక్కలు.

మొదటిది దరఖాస్తుల సంగతి. మన ఊళ్ళోనే ఒక మొహల్లా వాళ్ళు నీటి కుళాయి కోసం మూడుసార్లు దరఖాస్తు పెట్టారు. నాలుగు పేజీలు, అందులో రెండు పేజీలు పొగడ్తలు, తరువాత నీళ్ళు, దీపాలు, రోడ్డు, ఖబరస్తాను గోడ, రేషను, అన్నీ ఒకే కాగితంలో. జవాబు లేదు. నాలుగోసారి డిగ్రీ చదివే ఒక కుర్రవాడు ఒకే పేజీ రాశాడు. ఎన్ని ఇళ్ళు, దగ్గరలో ఉన్న కుళాయి ఎంత దూరం, ఎన్ని గంటలకు నీళ్ళు వస్తాయి, ఒక ఫోటో, అడిగింది ఒకే ఒక్కటి. రశీదు తీసుకున్నాడు. నెల దాటాక, మా కాగితం ఏమైందని సమాచార హక్కు చట్టం కింద అడిగాడు. 2005లో వచ్చిన ఆ చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇచ్చారు. తరువాత ఒక ఉద్యోగి వచ్చి కొలతలు తీసుకుపోయాడు. ఒక కుళాయి పడింది, రెండోది ఇంకా పడలేదు. ఇన్షా అల్లా అదీ పడుతుంది. మన సంఘం కార్యాలయంలో వారానికి ఒక సాయంత్రం ఇలాంటి కుర్రవాళ్ళను కూర్చోబెట్టి దరఖాస్తులు రాయించే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. జనానికి పని జరుగుతుంది, పిల్లలకు విద్య వస్తుంది.

రెండవది వాట్సాప్. ఆ రోజుల్లో చుక్కల మందు పుకారు గల్లీ గల్లీ తిరగడానికి నెలలు పట్టింది. ఇప్పుడు ఫజర్ నమాజుకు పుట్టిన పుకారు జొహర్ లోపల దుబాయి దాకా పోతున్నది. వార్త వస్తే విచారించకుండా నమ్మవద్దని మన దీన్ మనకు ముందే చెప్పింది. అయినా మనం పక్కవాడికి పంపిన తరువాత విచారిస్తున్నాము! సంఘం తరఫున ఇద్దరు ముగ్గురు బాధ్యత తీసుకుని, ఏదైనా వార్త వస్తే సంబంధిత ఆఫీసులో కనుక్కుని, నిజమైతే నిజమని, కాకపోతే కాదని అదే రోజు తెలుగులోనూ ఉర్దూలోనూ రెండు వాక్యాలు పెట్టాలి. మన వాళ్ళకు నష్టం కలిగించే నిజమైనా సరే, నిజమే పెట్టాలి. అప్పుడే మనం కాదన్న రోజు జనం నమ్ముతారు.

మూడవది ఆడపిల్లల సంగతి. ఇది అమ్మలకు, అబ్బాలకు కలిపి చెబుతున్నాను. మొరాదాబాదులో ఆ తలుపులు మగవాడు తట్టితే తెరుచుకునేవి కావు. తల్లితో మాట్లాడాలంటే మరో స్త్రీ కావాలి. మన ఊళ్ళో కూడా అంతే. ఈ రోజు బహుమతులు తీసుకోబోతున్న వాళ్ళలో అమ్మాయిలే ఎక్కువ, జాబితా చూశాను. రెండేళ్ళ తరువాత వీళ్ళలో ఎందరు కాలేజీలో ఉంటారు? నిరుడు బహుమతి తీసుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు చదవడం లేదు. సంబంధం కుదిరిందన్నారు. మంచిదే, నిఖా మంచిదే. ఆ ఇంటివాళ్ళను తప్పు పట్టడానికి నేను రాలేదు. చదువు కూడా సాగనివ్వండని మాత్రం ఆ అత్తగారింటి వాళ్ళను అడిగి చూడమని చెబుతున్నాను. అడిగితే ఒప్పుకునేవాళ్ళు ఉన్నారు. అడగడమే మనం మానేశాము.

మన గురించి చాలామంది మాట్లాడుతున్నారు. కొందరు ప్రేమతో, కొందరు ద్వేషంతో, ఎక్కువమంది తెలియక. ఆ మాటలకు కోపగించుకోవడంలోనే మన శక్తి చాలా ఖర్చవుతున్నది. మన మాట మనం నిదానంగా, రుజువులతో, ఎదుటివాడి భాషలో చెప్పగలిగిన పదిమంది పిల్లలు ఈ ఊరి నుంచి తయారైతే చాలు. వాళ్ళు పెద్ద కంపెనీలో పనిచేసినా, ప్రభుత్వంలో పనిచేసినా, రేపు ఈ సంఘానికి కార్యదర్శులైనా, మాటను అమానత్ గా మోస్తారు.

ఈ పుస్తకంలో అచ్చు వేస్తామని కార్యదర్శి గారు అన్నారు కాబట్టి ఒక సంగతి చేర్చమని కోరాను. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ లో చేరదలచుకున్న విద్యార్థులు తమ మార్కుల కాగితాలతో ఆదివారం అసర్ తరువాత సంఘం కార్యాలయానికి వస్తే, దరఖాస్తు నింపడంలో నేను, నా తోటి ఉపాధ్యాయులు తోడుంటాము. ఫీజు కట్టలేని పిల్లల విషయం కార్యవర్గం ఆలోచిస్తుందని ఆశిస్తున్నాను.

 పిల్లలు బహుమతుల కోసం ఎదురు చూస్తున్నారు, ఇక ముగిస్తాను.

ఖుదా హాఫిజ్. జై హింద్.